కింద పంటకు వెలుతురు ఎంత అందుతోంది? చిన్న సెన్సర్‌తో మనమే కొలుద్దాం

నిమ్మతోటలో పసుపు వీడియో పెట్టాక ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే. "మొదటి రెండేళ్లు కింద పంటలు బాగానే వచ్చాయి, మూడో ఏటి నుంచి పడిపోయాయి. జీవామృతం డోసు పెంచాలా?" అని. కొందరు అప్పటికే ఘన జీవామృతం రెట్టింపు వేసి చూశామన్నారు. ఒకాయన విసుగెత్తి కింద పంటలన్నీ తీసేశారట. అంచెల వ్యవసాయం మీటింగుల్లో చెప్పడానికే గానీ చేలో నడవదని తేల్చేశారు.

వాళ్లందరినీ నేను తిరిగి అడిగింది కూడా ఒకటే. కింద పంట మీద వెలుతురు ఎంత పడుతోంది? వచ్చిన జవాబులు "బాగానే పడతా ఉంది", "ఒక మాదిరిగా ఉంది". అంతకు మించి ఎవరూ చెప్పలేకపోయారు. ఎకరా జీవామృతానికి పేడ 10 కిలోలు, బెల్లం 2 కిలోలు, పప్పు పిండి 2 కిలోలు, నీళ్లు 200 లీటర్లు అని నిద్రలో లేపి అడిగినా చెప్తాం. పంటకు అసలు తిండి పెట్టే ఎండ దగ్గరకు వచ్చేసరికి మాత్రం కంటి అంచనా తప్ప లెక్క లేదు.

ఆ తిండి ఎంతో చూడండి. మన దేశంలో చదరపు మీటరు నేల మీద రోజుకు 4 నుంచి 7 యూనిట్ల ఎండ పడుతుంది. యూనిట్ అంటే కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. 5 అనుకుని లెక్క వేసినా ఎకరాకు రోజుకు 20 వేల యూనిట్లు. మామూలు పంటలు ఏడాది మొత్తం మీద అందులో ఒకటి రెండు శాతం కూడా దాచుకోలేవు. రైతు సాధికార సంస్థ వాళ్లు చెప్తున్న 365 రోజుల పచ్చదనం, తొలకరికి ముందు చల్లే నవధాన్యాలు, వీటి వెనక ఉన్నది ఈ లెక్కే. బీడు నేల మీద పడిన ఎండ మట్టిని కాల్చడానికే పోతుంది. ఆకు మీద పడితే చక్కెర అవుతుంది, అందులో కొంత వేళ్ల ద్వారా సూక్ష్మజీవులకు చేరుతుంది. అయితే ఆకుల మీద ఆకులు పెట్టుకుంటూ పోతే అట్టడుగు ఆకుకు ఏం మిగిలిందో కూడా చూడాలి కదా.

కంటి అంచనా ఎందుకు పనికిరాదంటే, మన కన్ను నీడలోకి రాగానే సర్దుకుంటుంది. బయట లక్ష లక్స్ ఎండ ఉండి చెట్టు కింద పది వేలే ఉన్నా, మనకు "కొంచెం చల్లగా ఉంది" అనిపిస్తుందే తప్ప పదో వంతుకు పడిందని తెలియదు. మొక్కకు అలా సర్దుకునే వీలు లేదు. పదో వంతు వెలుతురులో తిండి వండుకోవడం అంటే దుంపకు మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. ఫోన్‌లో లక్స్ యాప్ ఉందిగా అని కొందరన్నారు. ఫోన్ సెన్సర్ పెట్టింది స్క్రీన్ వెలుగు తగ్గించడానికి, పెంచడానికి. చాలా ఫోన్లలో అది నిండు ఎండలో ఒక అంకె దగ్గర ఆగిపోతుంది, పట్టుకున్న కోణం కొంచెం మారితే రీడింగ్ మారుతుంది.

ఫోటోడయోడ్ అంటే ఏమీ లేదు, గోరు కన్నా చిన్న సోలార్ ప్యానెల్

ఫోటోడయోడ్ కూడా సోలార్ ప్యానెల్ లాగా సిలికాన్ ముక్కే. వెలుతురు పడితే కరెంటు పుడుతుంది. మనకు కావలసిన గుణం ఏమిటంటే, ఆ కరెంటు వెలుతురుకు సరిగ్గా నిష్పత్తిలో ఉంటుంది. వెలుతురు సగమైతే కరెంటు సగం, పదో వంతైతే పదో వంతు. వీధి లైట్లు వాటంతట అవే వెలగడానికి పెట్టే ఎల్‌డీఆర్‌కు ఈ గుణం లేదు. అది చీకటా వెలుగా చెప్పడానికి సరిపోతుంది గానీ ఎంత వెలుగో చెప్పడానికి పనికిరాదు.

నేను వాడేది బీపీడబ్ల్యూ34 అనే డయోడ్. ఆన్‌లైన్లో దొరుకుతుంది, మా వైపు వాళ్లయితే నాయుడుపేటలో రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోవచ్చు. కొనేటప్పుడు ఒక్క జాగ్రత్త. లోపలి ముక్క కనబడేలా పారదర్శకంగా ఉండేదే తీసుకోండి. నల్లటి ఒంటితో ఉండేది రిమోట్ల కోసం చేసింది, మామూలు వెలుతురును ఆపేసి ఇన్‌ఫ్రారెడ్‌నే తీసుకుంటుంది. మన పనికి అది అసలు కుదరదు.

డయోడ్ తెచ్చిన వాళ్లు దాని రెండు కాళ్లు మల్టీమీటర్‌కు పెట్టి వోల్టులు చూస్తారు. ఎండలో 0.4 పైన చూపిస్తుంది. నీడలోకి తీసుకెళ్తే అది కాస్తే తగ్గుతుంది. "ఇదేంటి, పని చేయట్లేదు" అని పక్కన పడేస్తారు. అది పాడైపోలేదు. ఊరికే వదిలేసిన డయోడ్ వోల్టేజి వెలుతురు పదో వంతుకు పడితే 60 మిల్లీవోల్టుల చుట్టుపక్కలే తగ్గుతుంది. మనం చూడాల్సింది దాని కరెంటు. అందుకని రెండు కాళ్ల మధ్య 47 ఓమ్‌ల చిన్న రెసిస్టర్ ఒకటి టంకం పెట్టండి. కరెంటు ఆ రెసిస్టర్ గుండా పోతుంది, దాని మీద పుట్టే మిల్లీవోల్టుల్ని మీటర్ చదువుతుంది. ఈ డయోడ్ ముక్క 7.5 చదరపు మిల్లీమీటర్లు. నిండు ఎండలో సుమారు రెండున్నర మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. 47తో గుణిస్తే సుమారు 120 మిల్లీవోల్టులు. చవక మల్టీమీటర్‌లోనూ ఉండే 200 మిల్లీవోల్టుల రేంజికి ఇది సరిగ్గా సరిపోతుంది. రెసిస్టర్ పెద్దది పెడితే అంకె పెద్దదొస్తుంది కదా అని 1000 ఓమ్‌లు పెట్టకండి. వోల్టేజి 0.3 దాటే కొద్దీ డయోడ్ తన కరెంటును తానే మింగడం మొదలుపెడుతుంది, నిష్పత్తి పోతుంది.

సర్క్యూట్ ఇంతే. బ్యాటరీ కూడా అక్కర్లేదు. డయోడ్, రెసిస్టర్, రెండు తీగలు, మల్టీమీటర్. నేనేమీ ఈ మీటర్లు తయారు చేసి అమ్మడం లేదు, అడగొద్దు. టీవీ రిపేరు చేసే అబ్బాయి దగ్గర పది నిమిషాల పని.

పెట్టె సంగతి మాత్రం కొంచెం శ్రద్ధగా చేయాలి. అరంగుళం పీవీసీ ఎండ్ క్యాప్‌కు పైన రంధ్రం చేసి, డయోడ్ ముఖం పైకి ఉండేలా కూర్చోబెట్టి, వెనక ఎం-సీల్ నింపేయండి. పైన తెల్లటి పొర ఒకటి కావాలి, లేకపోతే పక్కవాటుగా వచ్చే ఎండను డయోడ్ సరిగా తీసుకోదు. ప్లంబర్లు కుళాయి మరలకు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు నాలుగైదు పొరలు బిగువుగా లాగి అంటిస్తే చాలు. పొర వేశాక రీడింగ్ తగ్గుతుంది, అది మామూలే. వానా ఉప్పు గాలీ లోపలికి పోకుండా అంచులు మూసేయండి. మా తీరంలో ఇనుప గేట్లే రెండేళ్లకు పొరలు పొరలుగా రాలతాయి, సన్న రాగి తీగ ఎంత. వీడియోలో ఈ బిగింపు అంతా దగ్గరగా చూపించాను.

షేడ్‌నెట్‌లోనో పాలీహౌస్‌లోనో రోజంతా రీడింగ్ దానంతట అదే నమోదు కావాలనుకునే వాళ్లకు రెండో దారి ఉంది. డయోడ్ కరెంటును ఆప్-ఆంప్ చిప్‌కు ఇచ్చి, దాని మీదుగా 1000 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే రెండున్నర మిల్లీ ఆంపియర్లు రెండున్నర వోల్టులుగా బయటికి వస్తాయి. ఆప్-ఆంప్ డయోడ్ రెండు కాళ్లనూ ఒకే వోల్టేజి దగ్గర పట్టి ఉంచుతుంది కాబట్టి ఇందాక చెప్పిన మింగుడు సమస్య రాదు. ఆ రెండున్నర వోల్టుల్ని ఆర్డుయినో చదువుకుంటుంది. ఇంకా తేలిక కావాలంటే ఏడీఎస్1115 అనే చిన్న బోర్డు 47 ఓమ్‌ల మీది మిల్లీవోల్టుల్నే నేరుగా చదివేస్తుంది, అప్పుడు ఆప్-ఆంప్ కూడా వద్దు. ఈఎస్‌పీ32లో సొంతంగా ఉండే కొలత మాత్రం సరళరేఖలో నడవదు, దాన్ని నమ్ముకోవద్దు. తోటలో తిరిగి చూసుకునే రైతుకు ఇవేవీ అవసరం లేదు, మల్టీమీటర్ చాలు.

నిష్పత్తి కావాలి, వాట్లు కాదు

ఇక్కడ డిప్లొమా, డిగ్రీ చదివిన తమ్ముళ్లు ఒక మాట అడుగుతారు. క్యాలిబ్రేషన్ లేకుండా ఈ అంకెకు విలువేంటని. నిజమే, చదరపు మీటరుకు ఇన్ని వాట్లు అని చెప్పాలంటే పైరనోమీటర్ కావాలి. నల్లటి పలక వేడెక్కడాన్ని బట్టి కొలిచే ఆ పరికరం 300 నుంచి 2800 నానోమీటర్ల దాకా అన్ని కిరణాలనూ పట్టుకుంటుంది. చెన్నై పళ్లికరణైలో ఉన్న పవన విద్యుత్ సంస్థ ఎన్‌ఐడబ్ల్యూఈ దేశమంతటా పెట్టిన సౌర కొలత స్టేషన్లలో ఉండేవి అలాంటివే. దాని ధరకు మనం ఆవును కొనుక్కోవచ్చు.

కానీ మన ప్రశ్న వేరు. ఆరుబయట పడే దాంట్లో నా పసుపు మీద ఎన్నో వంతు పడుతోంది అనేదే మనకు కావాలి. ఒకే సెన్సర్‌తో బయట ఒకటి, చెట్టు కింద ఒకటి చదివి భాగిస్తే చాలు. బయట 100 మిల్లీవోల్టులు, కింద 40 వస్తే 40 శాతం. సెన్సర్‌లో, టేపు పొరల్లో, రెసిస్టర్‌లో ఉన్న తేడాలు పైనా కిందా ఒకటే కాబట్టి కొట్టుకుపోతాయి. అందుకే ఇంత చవక వస్తువు మన పనికి సరిపోతోంది. వాట్లలో సుమారుగా తెలిస్తే చాలనుకుంటే, మబ్బు లేని వేసవి మధ్యాహ్నం నిండు ఎండ చదరపు మీటరుకు 1000 వాట్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ రోజు మీ రీడింగ్ రాసి పెట్టుకోండి. రోజువారీ ఎండ లెక్క కావాలంటే నాసా పవర్ వెబ్‌సైట్‌లో మీ ఊరి అక్షాంశం, రేఖాంశం ఇస్తే ఉచితంగా వస్తుంది.

కొలిచే తీరు ముఖ్యం. మబ్బు లేనప్పుడు పదకొండుకు, ఒంటి గంటకు మధ్య చూడండి. సెన్సర్ మట్టంగా ఉండాలి. మన నీడ దాని మీద పడకూడదు. చెట్టు కింద ఒక్క చోట చూసి రాసుకుంటే అబద్ధం చెప్తుంది, ఎందుకంటే ఆకుల సందుల్లోంచి పడే ఎండ పొడలు ఉంటాయి. పొడ మీద పెడితే నిండు ఎండ, జానెడు పక్కకు జరిపితే చీకటి. మొదలు దగ్గర్నుంచి రెండు వరసల మధ్య దాకా మూలవాటంగా పది పన్నెండు చోట్ల చదివి సగటు తీయాలి. ఈ పని తగ్గించడానికి ఒక ఉపాయం ఉంది. మీటరు పొడవు పైపు మీద ఐదు డయోడ్లు వరసగా పెట్టి, ప్లస్‌లన్నీ ఒక తీగకు, మైనస్‌లన్నీ ఇంకో తీగకు కలిపేయండి. కరెంట్లు కూడుకుంటాయి, సగటు దానికదే వస్తుంది. అప్పుడు 47 బదులు 10 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. పరిశోధన కేంద్రాల్లో వాడే అక్యుపార్ అనే కర్రలో ఇలాగే 80 సెన్సర్లు ఉంటాయి.

ఇక అన్నిటికన్నా పెద్ద తిరకాసు. సిలికాన్ డయోడ్ 430 నుంచి 1100 నానోమీటర్ల దాకా చూస్తుంది, 900 దగ్గర దాని చూపు చాలా పదును. మొక్క తిండికి వాడుకునేది 400 నుంచి 700 వరకే. ఆకు ఏం చేస్తుందంటే, ఆ 400-700 భాగాన్ని చాలావరకు తానే తినేసి, దానికి అక్కరలేని ఇన్‌ఫ్రారెడ్‌ను కిందికి వదిలేస్తుంది. ఆ వదిలేసిందాన్ని మన డయోడ్ లెక్కలో కలిపేసుకుంటుంది. దాంతో దట్టమైన చెట్టు కింద అసలు 5 శాతమే ఉన్నచోట ఇది 15, 20 చూపించగలదు. రైతు "ఐదో వంతు ఉందిలే" అని ధైర్యంగా విత్తుకుంటాడు.

దీనికి విరుగుడు ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే చిన్న గాజు ముక్క. పాత వెబ్‌క్యామ్ విప్పితే లెన్సు వెనక ఉంటుంది. దాన్ని డయోడ్ మీద అంటించి, పక్కల నుంచి వెలుతురు దూరకుండా నల్ల టేపు వేసి, పైన తెల్ల పొర వేయాలి. రీడింగ్ సగానికి పైగా తగ్గుతుంది కాబట్టి రెసిస్టర్ 100 ఓమ్‌లకు మార్చండి. లేదంటే బీపీడబ్ల్యూ21 అనే డయోడ్ ఫిల్టర్‌తోనే వస్తుంది, ధర ఎక్కువ. బీహెచ్1750 అనే లక్స్ బోర్డు కూడా కనబడే వెలుతురునే చూస్తుంది గానీ మామూలు సెట్టింగ్‌లో 54 వేల లక్స్ దగ్గర ఆగిపోతుంది. నిండు ఎండలో రీడింగ్ కావాలంటే ప్రోగ్రాంలో సెట్టింగ్ మార్చాలి. నా సలహా, ఆకు కింద కొలిచేవాళ్లు ఫిల్టర్ లేకుండా కొలవొద్దు. నల్ల షేడ్‌నెట్ కింద మాత్రం పర్వాలేదు, నల్ల దారం అన్ని కిరణాలనూ ఇంచుమించు ఒకేలా ఆపుతుంది. పచ్చ నెట్ కింద మళ్లీ ఫిల్టర్ కావాలి.

అంకె వచ్చాక ఏం చేయాలి

పసుపు, అల్లం నాలుగో వంతు నీడను సంతోషంగా ఓర్చుకుంటాయి. సగం నీడ దాటితే దుంప తగ్గుతుంది. టమాటా, బెండ, మిరపకు ఎండ కావాలి. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు నిండు ఎండనూ వదలకుండా వాడుకునే జాతి. ఇందులో తోటకూర కూడా ఉందని చాలామందికి తెలియదు. ఆకుకూర కదా అని పాలకూరతో పాటు నీడలో వేస్తారు. పాలకూర, కొత్తిమీర, పుదీనా వేసవిలో కొంత నీడకు బాగుంటాయి, తోటకూర మాత్రం సాగి సన్నబడుతుంది.

మన అసలు ప్రశ్నకు వస్తాను. మూడో ఏట కింద పంట తగ్గింది. సెన్సర్ కింద 60 శాతం చూపించిందనుకోండి. అప్పుడు పసుపుకు వెలుతురు లోటు లేదు. వేళ్ల పోటీ చూడాలి, నీళ్లు చూడాలి, దుంపకుళ్లు ఉందేమో చూడాలి. 20 శాతం చూపిస్తే ఎన్ని డ్రమ్ముల జీవామృతం పోసినా ఆ దుంప ఊరదు. నిమ్మ కింది కొమ్మలు, లోపల అడ్డంగా పెరిగిన నీటి కొమ్మలు తీసి మళ్లీ కొలవాలి. తీయడానికి ముందు, తీసిన తర్వాత రెండు అంకెలూ రాసుకుంటే ఎన్ని కొమ్మలు తీస్తే ఎంత వెలుతురు దిగిందో మీ చెట్టు మీద మీకే తెలుస్తుంది. నిమ్మ కాపు పోతుందేమోనన్న భయంతో ఎవరూ కత్తెర పట్టరు. మా గూడూరు మార్కెట్‌కు పోయే కాయ అది, భయం సహజమే. అయితే లోపలి ముసురు కొమ్మల మీద కాపు ఎలాగూ తక్కువే. చెట్టు కొట్టేయడానికీ కింద పంట తీసేయడానికీ మధ్యలో చాలా దారి ఉంది.

నారు పెంచేవాళ్లకు ఇంకో ఉపయోగం. 50 శాతం అని కొన్న షేడ్‌నెట్ ఎంత ఆపుతోందో దుకాణం బయటే చూసుకోవచ్చు. సెన్సర్ మీద ఒక పొర పట్టుకుంటే సగం రావాలి. 75 శాతం నెట్ అంటగడితే నారు పొడవుగా, నీరసంగా లేచి నాటగానే వాలిపోతుంది, తప్పు విత్తనం మీదికి పోతుంది. పాత నెట్ మీద దుమ్ము పేరుకున్నాక కూడా ఓసారి కొలవండి.

ఇక సరుగుడు గొడవ. చిట్టమూరు, కోట, వాకాడు వైపు గెనిమ అవతల సరుగుడు తోట లేని చేను తక్కువ. పక్కాయన చెట్ల వల్ల నా కయ్య పోతోందని పంచాయితీలు జరుగుతుంటాయి. ముందు నీడ లెక్క చూద్దాం. మనం ఇంచుమించు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాం. ఏప్రిల్ చివర ఒకసారి, ఆగస్టు నడుమ ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెంటి మధ్యలో సూర్యుడు మనకు ఉత్తరంగా ఉంటాడు కాబట్టి మధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది, అదీ చాలా పొట్టిగా. మిగతా ఏడాదంతా నీడ ఉత్తరానికి. డిసెంబరు 21 ప్రాంతంలో 30 అడుగుల సరుగుడు మధ్యాహ్నం నీడ 23 అడుగులు పడుతుంది. అంటే చెట్లు మీ చేనుకు దక్షిణం గట్టున ఉంటే, మన పెద్ద పంట వరి పచ్చగా ఎదిగే కాలంలోనే దెబ్బ. ఉత్తరం గట్టున ఉంటే వెలుతురు నష్టం దాదాపు లేదు. తూర్పు, పడమర గట్లయితే పూటకొకటి పోతుంది. ఉదయం తొమ్మిదికి, సాయంత్రం మూడుకు కూడా కొలవాలి.

గెనిమ నుంచి లోపలికి మూడడుగులకు ఒకసారి చదువుకుంటూ పోండి. బయటి అంకె ఎక్కడ వచ్చిందో అక్కడ నీడ ఆగినట్టు. పైరు కురచదనం కూడా అక్కడే ఆగితే అది నీడ పని, కొమ్మలు కొట్టించుకోవడమో ఆ పట్టీలో నీడ ఓర్చే పంట వేయడమో చేయాలి. వెలుతురు నిండుగా ఉన్నచోట కూడా పైరు కురచగానే ఉంటే అది వేళ్లు చేసే పని. కొమ్మలు కొట్టిస్తే లాభం లేదు, గెనిమ వెంట కందకం తీసి వేళ్లు తెంపాలి. రెండూ వేరు వేరు ఖర్చులు, పక్కాయనతో మాట్లాడే మాట కూడా వేరు.

మా ఊరి మిద్దెల మీద నుంచి కనబడే శ్రీహరికోట రాకెట్లలో ఒకటి, 2023 సెప్టెంబరు 2న, ఆదిత్య-ఎల్1ను సూర్యుణ్ణి చూడటానికి తీసుకెళ్లింది. ఉపగ్రహాలకు సూర్యుడు ఏ దిక్కున ఉన్నాడో చెప్పే సెన్సర్లలో ఉండేవీ ఇలాంటి సిలికాన్ ముక్కలే. మా పిల్లలకు ఆ సంగతి చెప్పి ఎండ్ క్యాప్ చేతికిచ్చాను. ఇప్పుడు రీడింగులు రాసేది వాళ్లే.

మీ తోట రీడింగులు నాకు పంపేటప్పుడు వట్టి శాతం రాయకండి. బయట ఎంత, కింద ఎంత, టైము, ఆ రోజు మబ్బు ఉందా, ఫిల్టర్ పెట్టారా లేదా, చెట్టు వయసు, వరసల మధ్య దూరం, కింద ఏ పంట ఉంది, ఇవన్నీ రాయండి. కార్తీక మాసం వానలప్పుడు మబ్బు పట్టిన రోజు కూడా ఒకసారి కొలిచి వేరేగా రాసి పెట్టుకోండి. మబ్బు వెలుతురు అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి మొత్తం తక్కువైనా చెట్టు కిందికి దిగే వాటా ఎండ రోజు కన్నా ఎక్కువ ఉండొచ్చు. రెంటినీ ఒకే సగటులో కలపకండి.